కోడ్ అందరిదీ... తాళం ఒక్కరిదీ

2014వ సంవత్సరం డిసెంబర్ నెలాఖరులో దేశంలోని పలు నగరాలలో కంప్యూటర్ ప్రోగ్రామర్లకు ఒక వింత అనుభవం ఎదురైంది. తమ నిత్య వ్యవహారానికి ఆధారమైన 'గిట్‌హబ్' అనే కోడ్ భాండాగారం తలుపులు ఉన్నట్టుండి మూసుకుపోయాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆ సంస్థలో లోపమేమీ లేదు. సముద్రంలో కేబుల్ తెగిందన్న వార్త కూడా లేదు. చివరకు తేలిందేమంటే, తాళం పడింది ఢిల్లీలో. ఐసిస్ ఉగ్రవాదులకు అనుకూలమైన సమాచారం కొన్ని వెబ్‌సైట్లలో ఉన్నదని ఉగ్రవాద నిరోధక దళం సూచించగా, కేంద్ర టెలికాం శాఖ డిసెంబర్ 17 తేదీతో 32 చిరునామాల జాబితాను ఇంటర్నెట్ కంపెనీలకు పంపి, వాటిని నిలిపివేయవలసిందిగా ఆదేశించింది. ఆ జాబితాలో గిట్‌హబ్‌తో పాటు సోర్స్‌ఫోర్జ్, ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటివి కూడా చేరాయి. గోడ మీద ఎవరో అతికించిన ఒక కాగితం కోసం గ్రంథాలయం మొత్తానికి తాళం వేసినట్లయింది.

సంగతి రచ్చకెక్కిన తర్వాత నూతన సంవత్సరం మొదలవుతూనే ఆంక్షలను సడలించారు. కథ అంతటితో ముగిసిందని అందరూ మరచిపోయారు. అయితే, ఆ నాలుగు రోజుల ముచ్చట ఒక ప్రశ్నను మిగిల్చింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని, మార్చుకోవచ్చునని, నకలు తీసుకోవచ్చునని లైసెన్సులోనే రాసి ఇచ్చిన కోడ్ మన చేతికి అందకుండా పోవడమేమిటి? హక్కు మనకున్నది, వస్తువు మాత్రం మన వద్ద లేదు. తేడా అంతా అక్కడే ఉన్నది.

ఓపెన్ సోర్స్ అనగా మూలసంకేతం బహిరంగంగా ఉన్న సాఫ్ట్‌వేర్ అని విదితమే. బ్యాంకుల సర్వర్లు, రైల్వే రిజర్వేషన్లు, సెల్‌ఫోన్లు, ప్రభుత్వ పోర్టళ్ళు అన్నింటి అడుగునా ఏదో ఒక పాలు ఈ తరహా కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌ను, అందులో మొదటి రోజు నుంచి జరిగిన ప్రతి మార్పును భద్రపరచే చోటును రిపోజిటరీ అంటారు. దానిని యథాతథంగా మరొక చోట, వేరొక యంత్రం మీద నిలిపి, ఎప్పటికప్పుడు తాజాపరుస్తూ ఉంటే అది 'మిర్రర్'. అద్దంలో ప్రతిబింబం వంటిది గనుక ఆ పేరు వచ్చింది. మన పరిభాషలో చెప్పాలంటే మూలవిరాట్టు ఎక్కడో ఉంటుంది, ఉత్సవ విగ్రహం మన వీధిలోకి వస్తుంది.

దేశంలో ఈ అవసరం ఎంతమందికి ఉన్నదో ఒక్క లెక్క చాలు. గిట్‌హబ్ 2024లో వెల్లడించిన వివరాల ప్రకారం ఆ భాండాగారంలో ఖాతాలున్న భారతీయ ప్రోగ్రామర్లు 1 కోటీ 70 లక్షలకు పైమాటే. అమెరికా తర్వాత అంతటి సంఖ్య మనదే. 2008లో ఒక చిన్న సంస్థగా మొదలైన గిట్‌హబ్‌ను మైక్రోసాఫ్ట్ 2018లో 750 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది.

లేమి నేర్పిన అలవాటు

నిజానికి నకలు దగ్గర ఉంచుకోవడం మనకు కొత్త విద్య కాదు. లేమి ఆనాడే ఆ అలవాటు నేర్పింది. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో ప్రారంభమైన 'ఎర్‌నెట్' కింద ఐదు ఐఐటీలు, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, బొంబాయిలోని ఎన్‌సీఎస్‌టీ ఒక గొలుసులో చేరాయి. అప్పట్లో అమెరికాతో కలిపే లింకు వేగం సెకనుకు 9,600 బిట్లు మాత్రమే. విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న సామాన్య ప్రజలకు ఇంటర్నెట్‌ను అందుబాటులోకి తెచ్చినప్పుడు టెలిఫోన్ డయలప్ చందాదారుకు లభించిన వేగం కూడా ఇంచుమించు అంతే. ఒక సీడీలో పట్టే 650 మెగాబైట్ల సమాచారాన్ని ఆ వేగంతో దింపుకోవాలంటే, లైను ఒక్కసారైనా తెగకుండా ఉంటే, ఆరు రోజులకు పైగా పడుతుంది. లైను తెగకుండా ఉండటం అనే మాటకు ఆనాటి చందాదారులు నవ్వుకుంటారు.

అందువల్ల ఒకరు దింపుకున్నది పదిమందీ పంచుకునేవారు. 'పీసీ క్వెస్ట్' మాసపత్రిక 1996లో లినక్స్ సీడీని పాఠకులకు అందించినప్పుడు ఆ సీడీ చేతులు మారుతూ పోయింది. ఐఐటీ మద్రాసు, ఐఐటీ కాన్పూర్ వంటి సంస్థలు లినక్స్ తదితర సాఫ్ట్‌వేర్‌ల నకళ్ళను తమ ప్రాంగణాలలోని యంత్రాల మీద ఏళ్ళ తరబడి నిలిపి, బయటివారికి కూడా తెరిచి ఉంచాయి. భువనేశ్వర్‌లోని నైసర్ గణాంక శాస్త్రజ్ఞులు వాడే 'ఆర్' భాష ప్యాకేజీలకు అటువంటి సేవే చేసింది. బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన తర్వాత ఈ పట్టుదల సడలింది. క్షణంలో వచ్చేదానికి దాచుకోవడమెందుకన్న ధోరణి బలపడింది. కుళాయి వచ్చిన తర్వాత ఊరి బావిని పూడ్చుకున్న సామెతగా తయారైంది.

కుళాయి ఎంత నమ్మదగినదో సముద్రం అప్పుడప్పుడు చెబుతూనే ఉన్నది. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా తీరం వద్ద సీ-మీ-వీ 4, ఫ్లాగ్ కేబుళ్ళు రెండూ దెబ్బతినగా, భారత ఇంటర్నెట్ సామర్థ్యంలో ఇంచుమించు సగం పడిపోయింది. అంతకు మునుపు 2005 జూన్‌లో కరాచీ సమీపంలో సీ-మీ-వీ 3 చెడిపోగా, అది తప్ప వేరు సముద్ర మార్గం లేని పాకిస్తాన్ పలు రోజుల పాటు బాహ్యప్రపంచంతో దాదాపు తెగతెంపులైంది. 2025 సెప్టెంబర్‌లో ఎర్ర సముద్రంలో జెడ్డా వద్ద కేబుళ్ళు తెగినప్పుడు భారత్, పాకిస్తాన్‌లు రెండింటికీ సెగ తగిలింది.

ప్రకృతి, లంగరు తాళ్ళు చేసే నష్టం కంటె ప్రభుత్వాలు చేసే నష్టం దీర్ఘకాలికం. బంగ్లాదేశ్‌లో విద్యార్థి ఆందోళన సందర్భంగా 2024 జూలై 18 రాత్రి నుంచి ఇంటర్నెట్ దాదాపు పూర్తిగా ఆగిపోయింది. బ్రాడ్‌బ్యాండ్ పరిమితంగా తిరిగి వచ్చేసరికి ఐదు రోజులు, మొబైల్ ఇంటర్నెట్ వచ్చేసరికి పది రోజులు పట్టింది. జమ్మూ-కాశ్మీర్‌లో 2019 ఆగస్టులో నిలిచిన సేవలు 2020 జనవరిలో 2జీ వేగంతో, అనుమతించిన సైట్లకు మాత్రమే పరిమితమై మొదలయ్యాయి. 4జీ పూర్తిగా వచ్చినది 2021 ఫిబ్రవరిలో. శ్రీనగర్‌లో కూర్చొని పూణే కంపెనీకి కోడ్ రాసే యువకుడికి ఆ ఏడాదిన్నర ఏ విధంగా గడిచి ఉంటుందో ఊహించుకోవలసిందే.

పరాయి చట్టం, మన కార్యాలయం

ఇదిలా ఉండగా, మూడో ముప్పు చట్టం రూపంలో ఉన్నది. గిట్‌హబ్ అమెరికన్ సంస్థ గనుక అమెరికా ఆంక్షలకు అది బద్ధం. 2019 జూలైలో ఇరాన్, సిరియా, క్రిమియాలలోని ఖాతాదారుల ప్రైవేటు భాండాగారాలకు, చెల్లింపు సేవలకు అది తాళం వేసింది. బహిరంగ కోడ్ మాత్రం వారికి అందుబాటులోనే ఉన్నది. అమెరికా ఖజానా శాఖ నుంచి ప్రత్యేక అనుమతి సంపాదించి, ఇరాన్ ఖాతాదారులకు తలుపులు తిరిగి తెరిచినట్లు ఆ సంస్థ 2021 జనవరిలో ప్రకటించింది. 2024 అక్టోబర్‌లో లినక్స్ కెర్నెల్ నిర్వాహకుల జాబితా నుంచి కొందరు రష్యన్ల పేర్లను ఆంక్షల కారణంగానే తొలగించడం వివాదాస్పదమైంది.

అది ఇరాన్, రష్యాల గొడవ, మనకేమిటని అనుకోవడానికి వీలులేకుండా 2025 జూలైలో గుజరాత్‌లోని వాదినార్ చమురు శుద్ధి కర్మాగారం యజమాని నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. రష్యన్ చమురు సంస్థ రోస్‌నెఫ్ట్‌కు అందులో 49 శాతం వాటా ఉన్న కారణంగా ఐరోపా సమాఖ్య ఆ కంపెనీపై ఆంక్షలు విధించడమే ఇందుకు మూలం. కంపెనీ భారతదేశంలోనిది. చందా చెల్లించి ఉన్నది. భారత చట్టం ప్రకారం దోషమేమీ లేదు. అయినా ఉద్యోగుల ఈ-మెయిళ్ళు తెరుచుకోలేదు. నయారా ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించగా, నెలాఖరుకు సేవలు పునరుద్ధరించబడ్డాయి. అక్కడ ఆగినవి ఉత్తరప్రత్యుత్తరాలే తప్ప కోడ్ కాదు. కానీ సూత్రం ఒకటే గనుక ఆ ఉదంతాన్ని సాఫ్ట్‌వేర్ వర్గాలు మరచిపోరాదు.

ఆంక్షలు, కేబుళ్ళు ఏవీ లేకపోయినా భాండాగారాలు తమంత తామే కనుమరుగవుతుంటాయి. గూగుల్ తన కోడ్ భాండాగారాన్ని 2016 జనవరిలో మూసివేసింది. బిట్‌బకెట్ సంస్థ మెర్క్యూరియల్ పద్ధతిలోని భాండాగారాలను 2020లో తీసివేసింది. 2016 మార్చిలో ఒక ప్రోగ్రామరు కంపెనీ వారితో పేరు విషయమై తగవు పడి, తన ప్యాకేజీలన్నింటినీ ఎన్‌పీఎం భాండాగారం నుంచి ఉపసంహరించుకోగా, వాటిలో కేవలం 11 వరుసలున్న 'లెఫ్ట్-ప్యాడ్' లేకపోవడంతో ప్రపంచవ్యాప్తంగా అసంఖ్యాకమైన ప్రాజెక్టుల నిర్మాణం ఆగిపోయింది. ఆనాడు సొంత నకలు పెట్టుకున్న కంపెనీలకు ఆ సంగతి పత్రికలలో చదివేదాకా తెలియలేదు.

అద్దానికి ఉన్న దోషం

సొంత నకలు పెట్టడం ఎంత కష్టం? సాంకేతికంగా చూస్తే, ఆశ్చర్యకరమైనంత సులువు. ఇందుకు కారణం 'గిట్' అనే ఉపకరణం. దాని పుట్టుక కూడా ఒక తాళం కథే కావడం విశేషం. లినక్స్ కెర్నెల్ రూపకర్తలు అప్పటిదాకా 'బిట్‌కీపర్' అనే ప్రైవేటు సాఫ్ట్‌వేర్‌ను ఉచిత అనుమతిపై వాడుకుంటూ వచ్చారు. 2005లో ఆ అనుమతిని సదరు కంపెనీ ఉపసంహరించుకున్నది. దాంతో లైనస్ టోర్వాల్డ్స్ ఆ ఏప్రిల్‌లోనే కొద్ది రోజుల వ్యవధిలో గిట్‌ను రూపొందించారు. అందులో ప్రధాన కార్యాలయం, శాఖలు అనే భేదం లేదు. కోడ్‌ను తెచ్చుకున్న ప్రతివారి వద్దకు దాని పూర్తి చరిత్ర కూడా వస్తుంది.

'మిర్రర్' అన్న ఆదేశంతో ఒకసారి నకలు తీస్తే అన్ని శాఖలు, అన్ని విడుదలల గుర్తులు సహా దిగుతాయి. ఆ తర్వాత కొన్ని గంటలకొకసారి యంత్రమే తనంత తాను వెళ్ళి, కొత్తగా చేరిన మార్పులను మాత్రం తెచ్చుకునేటట్లు గడియారానికి కట్టివేయవచ్చు. మొదటి రోజే బరువు, తర్వాత చిల్లర ఖర్చు. 10 లక్షలకు పైగా మార్పుల చరిత్ర ఉన్న లినక్స్ కెర్నెల్ సైతం కొన్ని గిగాబైట్లలో ఇమిడిపోతుంది. కళాశాలకు అవసరమైన కొన్ని వందల ప్రాజెక్టులకు ఒక మామూలు హార్డ్‌డిస్కు చాలు.

తెచ్చిన నకలు అసలుదేనా అన్న శంకకు కూడా గిట్‌లో సమాధానం ఉన్నది. ప్రతి మార్పుకు 40 అక్షరాల ముద్ర ఒకటి లెక్కకట్టి వేస్తుంది. ప్రతి ముద్రలోనూ దానికి ముందున్న దాని ముద్ర ఇమిడి ఉంటుంది. మధ్యలో ఒక్క అక్షరం మారినా అక్కడి నుంచి గొలుసు మొత్తం తప్పుతుంది. బ్రౌన్ దొర కడపలో పండితులను నియమించి, ఒకే గ్రంథానికి దొరికిన తాళపత్ర ప్రతులన్నింటినీ పోల్చి చూపించి శుద్ధప్రతి రాయించిన పని ఇక్కడ యంత్రం క్షణంలో చేస్తుంది. 2011 ఆగస్టులో లినక్స్ కెర్నెల్ కేంద్ర సర్వర్లలోకి దుండగులు చొరబడినట్లు బయటపడినప్పుడు ఈ ముద్రలే ఆదుకున్నాయి. ఆ సైటు నెల రోజులకు పైగా మూతబడినా, వేలాది ప్రోగ్రామర్ల వద్ద పూర్తి నకళ్ళు ఉన్నందున కోడ్‌కు హాని జరగలేదని నిర్ధారించగలిగారు. టోర్వాల్డ్స్ తన ప్రతిని తాత్కాలికంగా గిట్‌హబ్‌లో పెట్టి పని కొనసాగించారు.

అయితే, నకలు ఉన్నది గదా అని నిశ్చింతగా నిద్రపోయినవారికి 2013 మార్చిలో జరిగిన సంఘటన కనువిప్పు వంటిది. కేడీఈ అనే ప్రసిద్ధ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వద్ద సుమారు 1,500 భాండాగారాలు ఉండేవి. ఒక ప్రధాన సర్వరు, దానికి ప్రపంచంలో పలుచోట్ల మిర్రర్లు. ఆ నెల 22వ తేదీన ప్రధాన సర్వరును మరమ్మతు నిమిత్తం ఆపి తిరిగి మొదలుపెట్టగా, దాని ఫైలు వ్యవస్థ పాడై ఉన్నట్లు వెల్లడైంది. ప్రాజెక్టుల జాబితా ఉన్న ఫైలు కూడా చెడిపోయింది. మిర్రర్లు తమకు అప్పగించిన పనిని తు.చ. తప్పకుండా చేశాయి. చెడిన జాబితాను తెచ్చుకొని, అందులో లేని భాండాగారాలను తమ వద్ద కూడా తుడిచివేశాయి. అద్దం ముందు నిలబడిన మనిషికి గాయమైతే అద్దంలోని మనిషికీ గాయం కనిపించక తప్పదు గదా! దైవికంగా, ఆ ఘడియలో ఇంకా తాజాపడని ఒక సర్వరు మిగిలి ఉండటంతో అందులో నుంచి సమస్తం తిరిగి రాబట్టుకోగలిగారు. సకాలంలో పని చేయకపోవడమే మేలైన అరుదైన సందర్భంగా దీనిని పేర్కొనవచ్చు.

దీని నుంచి నిర్వాహకులు గ్రహించినది ఒక్కటే. మిర్రర్ వేరు, భద్రపరచిన ప్రతి వేరు. మూలంలో చెరిపినది నకలులో కూడా చెరిగిపోయేటట్లు అమర్చుకుంటే ఆపదలో అది అక్కరకు రాదు. కనుక తేదీల వారీగా ప్రతులను విడిగా, మిర్రర్ చేయి తగలని చోట దాచాలి. తెచ్చుకున్న ప్రతిని అప్పుడప్పుడు ముద్రలతో సరిచూడాలి. నకలు తీసినంత మాత్రాన అంతా తనిఖీ అయినట్లు భావించరాదన్నది కూడా కేడీఈ అనుభవమే.

మరొక లోపం కూడా ఉన్నది. నకలులోకి కోడ్ వస్తుందే గాని, ఆ కోడ్ గురించి జరిగిన చర్చలు, ఫిర్యాదులు, వాటికి ఇచ్చిన సమాధానాలు రావు. అవి గిట్‌లో భాగం కావు, గిట్‌హబ్ వంటి సంస్థల సొంత ఖాతా పుస్తకాలలో ఉంటాయి. వాటిని వేరుగా దింపుకోవలసి ఉంటుంది. ఈ పని చేసేవారు బహు కొద్దిమంది.

ప్రభుత్వ కోడ్ ఎక్కడున్నది?

కేంద్ర ప్రభుత్వం ఈ విషయంలో బొత్తిగా నిద్రపోయిందని అనలేము. 2015లోనే ప్రభుత్వ కార్యాలయాలలో ఓపెన్ సోర్స్ వాడకంపై ఒక విధానాన్ని, ప్రభుత్వ అప్లికేషన్ల కోడ్‌ను తెరిచి అందరితో పంచుకోవడంపై మరొక విధానాన్ని ప్రకటించింది. అందుకు అనుగుణంగా 'ఓపెన్‌ఫోర్జ్' పేరుతో స్వదేశీ కోడ్ భాండాగారాన్ని కూడా నెలకొల్పింది. కాగా, కరోనా కాలంలో కోట్లాది ప్రజలు ఫోన్లలో ఎక్కించుకున్న 'ఆరోగ్య సేతు' కోడ్‌ను 2020 మే 26న ప్రభుత్వం బహిరంగపరచినప్పుడు దానిని పెట్టిన చోటు గిట్‌హబ్! ఆ యాప్‌కు వెనుక ఉండే సర్వర్ భాగం కోడ్‌ను ఆ ఏడాది నవంబర్‌లో ఓపెన్‌ఫోర్జ్‌లో ఉంచారు. బెంగుళూరు ఐఐఐటీ రూపొందించగా ఫిలిప్పీన్స్ వంటి దేశాలు తమ పౌరుల గుర్తింపు వ్యవస్థకు ఎంచుకున్న 'మోసిప్' కోడ్ కూడా గిట్‌హబ్‌లోనే పెరిగింది.

ఇందులో తప్పు పట్టవలసింది లేదు. పదిమంది చూసే చోట పెడితేనే పదిమంది దోషాలు చెబుతారు. సంతలో దుకాణం పెట్టవలసిందే. అయితే సరుకు గిడ్డంగి కూడా సంతలోనే ఉండనక్కరలేదు. గిట్‌హబ్‌లో ఉన్న ప్రభుత్వ కోడ్ ప్రతిదానికి ఓపెన్‌ఫోర్జ్‌లో గంట గంటకు తాజాపడే నకలు ఉండాలన్న నిబంధన పెట్టడానికి కొత్త బడ్జెట్ అవసరం లేదు, ఒక సర్క్యులర్ చాలునని అనిపిస్తుంది.

నకలును నిలిపే చోట్లకు కూడా కొరత లేదు. దేశంలోని ఇంటర్నెట్ రద్దీ దేశంలోనే మారకం అయ్యేందుకు 'నిక్సి' 2003లో ఏర్పడింది. విశ్వవిద్యాలయాలను, పరిశోధన సంస్థలను కలిపే జాతీయ విజ్ఞాన నెట్‌వర్క్‌ను 5,990 కోట్ల రూపాయల అంచనాతో కేంద్ర మంత్రివర్గం 2010లో ఆమోదించింది. ఆ నెట్‌వర్క్‌పై ఒక్క ఐఐటీలో నకలు ఉంటే, సముద్రం దాటనవసరం లేకుండా మిగిలిన సంస్థలన్నింటికి అందుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని వందలాది ఇంజనీరింగ్ కళాశాలల విషయంలో ఈ లెక్క మరింత సూటిగా ఉంటుంది. సెకనుకు 20 మెగాబిట్ల లైను ఉన్న కళాశాల ల్యాబులో 60 మంది విద్యార్థులు ఒక్కొక్క గిగాబైటు చొప్పున అదే కోడ్‌ను విడివిడిగా దింపుకుంటే, లైను పూర్తిగా ఆ పనికే అంకితమైనా ఆరున్నర గంటలకు పైగా పడుతుంది. పరీక్ష మూడు గంటలు. అదే ఒక్కసారి దింపి ల్యాబు సర్వరులో ఉంచితే ఏడు నిమిషాలలో పని ముగుస్తుంది, మిగిలినది గోడల మధ్య తీగల మీద జరిగిపోతుంది. తెలుగు స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ళ తరబడి శ్రమించి గ్నోమ్ వంటి సాఫ్ట్‌వేర్‌లకు చేసిన తెలుగు అనువాదాల ఫైళ్ళు కూడా ఆ విదేశీ భాండాగారాలలోనే కోడ్‌తో కలిసి ఉన్నాయి. వాటికి ఇక్కడ ఒక ప్రతి ఉండటం భాషాభిమానులు కూడా కోరదగినదే.

యంత్రం కంటె మనిషి కొరతే ఇందులో అసలు సమస్య. ఉత్సాహవంతుడైన ఒక విద్యార్థి మొదలుపెట్టిన నకలు అతడు పట్టా పుచ్చుకొని వెళ్ళేదాకా సాగుతుంది. ఆ తర్వాత డిస్కు నిండినా, తాజాపరచే ప్రక్రియ ఆగినా అడిగే నాథుడుండడు. ఆగిపోయిన నకలు లేని నకలు కంటె ప్రమాదకరం. 2021 డిసెంబర్‌లో 'లాగ్4జే' అనే సర్వసాధారణ ఉపకరణంలో ఘోరమైన లోపం బయటపడి, ప్రపంచమంతా కొత్త ప్రతి కోసం పరుగులు తీసింది. అటువంటి తరుణంలో పాత ప్రతిని పంచుతూ కూర్చున్న మిర్రర్, విరుగుడు అందవలసిన వేళ లోపాన్నే అందిస్తుంది.

ఈ సంగతి ఎరిగినవారు గనుకనే డెబియన్ లినక్స్ నిర్వాహకులు తమ మిర్రర్లన్నింటిలో ఒక చిన్న ఫైలు ఉండేటట్లు ఏర్పాటు చేశారు. ఆ మిర్రర్ చివరిసారిగా ఎప్పుడు తాజాపడినదీ అందులో తేదీ, సమయంతో సహా నమోదవుతుంది. ఏ మిర్రర్ వెనుకబడిందో ఎవరైనా ఆ ఫైలు తెరిచి తెలుసుకోవచ్చు.